పూర్వపక్షం చెప్పినంకనే పిడికిలి

సారు పోయారన్న కబురు నాకు తెచ్చింది నా ఎడమ చెవి పగలగొట్టినవాడే.

బహదూర్‌పురాలో మాది గేట్లు, గ్రిల్లులు చేసే చిన్న షెడ్డు. ఆ పొద్దున నేను వెల్డింగ్ పని మీద ఉన్నాను. నా భాగస్తుడు యాదగిరి వచ్చి కుడి పక్కన నిలబడ్డాడు. వాడెప్పుడూ కుడి పక్కనే నిలబడతాడు. ఎడమ వైపు నుంచి ఏం చెప్పినా నాకు వినపడదని వాడికంటే బాగా ఎరిగినవాడు లేడు.

"సారు పోయిండన్నా" అన్నాడు.

"ఏ సారు?" అన్నాను. తెలియక కాదు. ఆ క్షణం కాస్త వెనక్కి జరిగితే బాగుండుననిపించి.

యాదగిరి చేతిలోని సుత్తిని రేకుల మీదికి విసిరికొట్టాడు. షెడ్డంతా మోగింది. "ఎంతమంది సార్లున్నరే మనకు? చెయ్యి వంకర సారు. నేను ఇరగ్గొట్టిన చెయ్యి."

ఇద్దరం ఆ రేకుల మీదే కూలబడ్డాం. వాడు ఏడ్చాడు. నాకు మాత్రం ముందు కోపమే వచ్చింది. ఆయనను అడగాల్సిన మాట ఒకటి ఏళ్ళ తరబడి నా గొంతులో ముల్లులా ఉండేది. ఆ మాట సంగతి సంతాప సభలో ఎత్తాను. సగం చెప్పేసరికే లొల్లి అయింది. ఆ సగం విని వెళ్ళిపోయినవాళ్ళు కొందరు నన్ను ఇప్పటికీ తిడుతున్నారు. తిట్టండి, వద్దనను. పూర్తిగా చదివి తిట్టండి.

ఆయనను ఎరగనివాళ్ళ కోసం చెబుతాను. నయాపూల్ దగ్గర, మూసీ వాసన కిటికీలోంచి లోపలికి వచ్చే ఒక సాయంకాలపు కాలేజీలో ఆయన అర్థశాస్త్రం చెప్పేవారు. తరతరాలుగా గుడి సేవ చేసుకునే ఇల్లు వాళ్ళది. నుదుట నామం, ఒంటి మీద ఇస్త్రీ చొక్కా, ఆ రెండింటితోనూ పొత్తు కుదరని నలిగిన చెవులు. వయసులో ఉండగా తాలీంలో మట్టి పూసుకుని కుస్తీలు పట్టారట. పొద్దున గుడిలో స్తోత్రం చదివిన నోటితోనే సాయంత్రం మమ్మల్ని "గాడ్దికొడకా" అనేవారు. డస్టర్ విసిరితే గురి తప్పేది కాదు. మేమేమన్నా పసిపిల్లలమా? కచేరీలో నకళ్ళు రాసే గుమాస్తాలు, కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్లు, లాడ్ బజార్ గాజుల దుకాణాల్లో పగలంతా నిలబడి కాళ్ళు వాచినవాళ్ళు. నేను బీరువాల కార్ఖానాలో వెల్డర్ని. ఒంటి నిండా అలసటతో వచ్చి కూర్చునేవాళ్ళం. మమ్మల్ని నిద్రపోనివ్వకుండా ఉంచడానికి ఆయన ఎంచుకున్న మందు కొట్లాట.

కూలి ఎక్కడి నుంచి వస్తుంది, లాభం ఎవరికి చెందాలి అన్న పాఠం వచ్చిందంటే చాలు, క్లాసు తాలీం అయిపోయేది. లాభమంటే సొమ్ము పెట్టి ఓపిక పట్టినందుకు దక్కే ప్రతిఫలమని పండితుల్లో ఒక బడి. కాదు, మునిగిపోతానేమోనన్న భయాన్ని మోసినందుకని ఇంకో బడి. రెండూ కాదు, పనివాడికి ఇవ్వకుండా మిగుల్చుకున్న చాకిరీయే లాభమని మరో బడి. ఒక్కో బడిని ఒక్కో పహిల్వాన్‌లాగా బరిలోకి దింపి, ఎవరినీ గెలవనిచ్చేవారు కాదు.

ఆ బరికి ఒక కాయిదా, అంటే కట్టుబాటు, ఉండేది. మొదటి రోజే చెప్పారు.

"మా తాత గుడి మంటపంల తర్కం చేస్తుండె. ఎదుటోని మాటను వానికంటె మంచిగ చెప్పినంకనే ఖండించాలె. దాన్ని పూర్వపక్షమంటరు. మా తాలీం ఉస్తాద్ గూడ గదే చెప్పిండు. వాని పట్టు ఏందో ముందు సమజ్ చేస్కో, అటెన్క ఎత్తి పడెయ్యి. నా క్లాసుల పూర్వపక్షం చెప్పినంకనే పిడికిలి. సమజైందా?"

ఎదుటివాడి వాదం సరిగ్గా చెప్పామా లేదా అని తేల్చేది సారు కాదు, ఆ ఎదుటివాడే. మనం చెప్పింది తన మాటే అనిపిస్తే వాడు కుస్తీవాడిలా తొడ చరచాలి. తొడ మోగిందాకా మనకు జవాబు చెప్పే హక్కు లేదు. ఒక్కోసారి గంట గడిచినా తొడ మోగేది కాదు.

మా కార్ఖానా సేట్ కొడుకు కిషన్ నా ముందు బెంచీలో కూర్చునేవాడు. పగలు కార్ఖానాలో తండ్రి గద్దె పక్కన కూర్చోవాలి కనుక వాడికీ సాయంకాలపు కాలేజీయే గతి. పగలంతా నేను వాళ్ళ బీరువాలకు అతుకులు వేసి, సాయంత్రం వాడి వీపు చూస్తూ పాఠం వినేవాణ్ణి. సారు కావాలని కూలివాళ్ళ పక్షం వాడికిచ్చారు, సేట్ల పక్షం నాకిచ్చారు. "నీ నోట్ల ఉన్నది నీకెట్లనో ఎరుకే. లేనిది తెచ్చుకో" అన్నారు.

ఒక సాయంత్రం కిషన్ తన పక్షం మరిచిపోయి సొంత మాట మాట్లాడాడు. "లాభం అంటే సబర్‌కు ఇనాం సార్. మా బాప్ పైసలు పెట్టి ఏడాదంతా ఆగుతడు. ఆగేటోనికి ఏమన్న రావాలె గదా."

నా ఒళ్ళు మండింది. "ఆగుడుకు లాభమొస్తదా? మా అమ్మ నా జీతం కోసం నెలంతా ఆగుతది. పొయ్యి మీద కుండ పెట్టి ఆగుతది. ఆమెకెన్నడు రాలే ఇనాం."

"అరె యార్, మీ అమ్మ సంగతి నాకెందుకు?" అన్నాడు.

అంతే. బెంచీ ఎలా దాటానో తెలియదు. వాడి ముక్కు మీద గుద్దాను. వాడు నా జుట్టు పట్టుకుని తలను బల్లకేసి కొట్టాడు. సిరాబుడ్లు పగిలాయి. గుమాస్తాలు గోడకు అతుక్కుపోయారు. విడిపించవలసిన సారు వెళ్ళి తలుపు గడియ పెట్టి వచ్చారు. "కానియ్యుండ్రి. పోలీసోడు చూడకుండ దర్వాజ ఏసిన" అని కుర్చీలో కూర్చున్నారు.

ఇద్దరికీ ఆయాసం వచ్చి ఆగాక లేచారు. "అయిందా? ఇగ పూర్వపక్షం. కిషన్, వాని మాట చెప్పు."

కిషన్ ముక్కు తుడుచుకున్నాడు. "దానియేల్ ఏమంటడంటే... ఆగేది మేమొక్కరమే కాదు. మేం తిని ఆగుతం. వాళ్ళు తినక ఆగుతరు. తినక ఆగినోనికి రాని ఇనాం, తిని ఆగినోనికి ఎందుకొస్తది? గిదీ వాడు అడిగేది."

నా చెయ్యి నన్నడగకుండానే తొడ మీద పడింది.

తరవాత నా వంతు. నోట్లో ఉప్పగా నెత్తురు. "కార్ఖానా మునిగితే నేను ఇంకో కార్ఖానాకు పోత. వాళ్ళ బాపు పోయేటందుకు ఇంకోటి లేదు. పండుకున్నా గా భయం ఉంటది. ఆ భయానికేదో కిరాయి ఉండాలంటడు కిషన్." వాడూ తొడ చరిచాడు. చరిచి, తల తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తరవాత మేం స్నేహితులమయ్యామని చెప్పను. ఒకరినొకరం చూసి భయపడటం మానేశాం, అంతే.

క్లాసు అయ్యాక కొందరం సారు వెంట ఇరానీ హోటల్‌కు పోయేవాళ్ళం. చాయ్‌ని సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ కొత్త గొడవ ఎత్తేవారు. ఎవడు ఎంత కలిపితే వాడికి అంత దక్కుతుంది, కూలి అయినా లాభం అయినా అదే న్యాయం అనే బడి ఒకటుంది. ఒక లైన్‌మన్ ఆ మాట మెచ్చుకున్నాడు. సారు తన సాసర్ వాడి ముందుకు తోశారు. "దీంట్ల పాలెన్ని, డికాక్షన్ ఎంత? వేరు చేసి చూపెట్టు. చూపెడితే నీ బడి గెల్చినట్టే." కానీ మరుసటి వారం అదే సారు, చాకిరీయే సమస్తమన్న వాడి మీద విరుచుకుపడ్డారు. "పాలు తెచ్చినోడున్నడు, ఆకు తెచ్చినోడున్నడు. హోటల్ పెట్టి పొయ్యి ముట్టించినోడు ఉత్తగనే నిలవడ్డడారా?"

"మీరే బడి సార్?" అని అడిగితే, "నేను తాలీం. తాలీం కుస్తీ పట్టదు, మట్టి పరుస్తది" అనేవారు. ఆ మాట అప్పుడు మాకు గొప్పగా ఉండేది. తరవాత ఆ మాటే తలుచుకుని పళ్ళు కొరుక్కున్న రోజులున్నాయి.

ఆ రోజులు ఎలా వచ్చాయో చెబుతాను. బియ్యం ధర పెరిగింది. కూలి పెంచమన్నాం. సేట్ ఇనుము ధర పెరిగిందన్నాడు. మాటలు ముదిరాయి, మేం పని ఆపేశాం, సేట్ గేటుకు తాళం వేశాడు. వారం తిరిగేసరికి గేటు ముందు కొత్త ముఖాలు కనిపించాయి. చేతులకు సైకిల్ చైన్లు చుట్టుకున్న కిరాయి మనుషులు. ఒక పొద్దున వాళ్ళు మా మీద పడ్డారు. రేకులు కోసే యాదగిరి, వాడి తమ్ముడు ముందు వరసలో ఉన్నారు. తమ్ముడు బీరువాలకు రంగులు వేసేవాడు, ఎప్పుడూ ఏదో పాట కూనిరాగం తీస్తుండేవాడు. వాడి తల మీద కట్టె పడ్డ చప్పుడు నేను విన్నాను. అప్పటికి నాకు రెండు చెవులూ ఉన్నాయి. వాడిని దవాఖానాకు మోసుకుపోతుంటే వాడి వేళ్ళకున్న ఆకుపచ్చ రంగు, తల నుంచి కారే నెత్తురు కలిసి నా చొక్కాకు అంటుకున్నాయి.

మర్నాడు మావాళ్ళు గేటు దగ్గర మీటింగ్ పెట్టారు. సేట్ లోపలి నుంచి వింటానన్నాడు. చదువుకున్నవాడినని నన్ను మాట్లాడమన్నారు. నేను సారు ఇంటికి పరుగెత్తాను. ఏం మాట్లాడాలి సార్ అన్నాను.

"కాయిదా మరిచినవా? ముందు పూర్వపక్షం. సేట్ మాట సేట్ కంటె గట్టిగ చెప్పు. గేటెనక నిలవడి వింటడు. వాని మాటలన్ని నువ్వే గుంజుకుంటే ఇగ వానికి మిగిలేది తాళంచెవి ఒక్కటే. అప్పుడు జవాబు ఎయ్యి, దెబ్బకు పడ్తడు." గుమ్మం దాకా వచ్చి నా భుజం తట్టారు. "పో దానియేలూ, మీ బైబిల్ల దానియేలు లెక్క సింహాల గుహలకు పోతున్నవ్. ఫికర్ చెయ్యకు."

సింహాలు గేటు లోపల ఉన్నాయనుకున్నాం, నేనూ ఆయనా. మా ఇద్దరి చదువుకూ అంతకంటే తెలియలేదు.

తలకిందులు చేసిన డ్రమ్ము మీద ఎక్కాను. "సేట్ ఏమంటడో ముందు చెప్త" అన్నాను. అందరూ విన్నారు. ఎవరికీ అది అక్కర్లేదని ముఖాలు చూస్తే తెలిసేదే, నేను చూడలేదు. క్లాసులో ఉన్నట్టే ఊపు వచ్చేసింది. మునిగిపోయే భయం గురించి చెప్పాను. ఇనుము ధర గురించి చెప్పాను. కార్ఖానా నిలబడితేనే కూలి నిలబడుతుందని చెప్పాను. నా గొంతు సేట్ గొంతులాగే వచ్చిందని తరవాత ఎవరో అన్నారు. గేటు కంతలోంచి సేట్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. తొడ చరచవలసినవాడు వాడే, నేను ఆ చప్పుడు కోసం చూస్తున్నాను కూడా. పిచ్చివాణ్ణి.

"అమ్ముడువోయిండు!" అన్న కేక వచ్చింది. ఆ వెంటనే ఇనుప రాడ్ నా ఎడమ చెవి మీద పడింది. చెవిలో రేకు చిరిగినట్టయింది. డ్రమ్ము మీద నుంచి పడుతూ కొట్టినవాడిని చూశాను. యాదగిరి. తరవాత కాళ్ళు. కడుపులో, వీపులో, ముఖం మీద. పరాయి కాళ్ళు కావు, రోజూ నా పక్కన విప్పి అన్నం తినే చెప్పులవి. ఒక్కో చెప్పూ ఎవరిదో గుర్తుపట్టాను. ఆ రోజు నన్ను సగం చంపింది దెబ్బలు, మిగతా సగం ఆ గుర్తుపట్టడం.

యాదగిరి రెండోసారి రాడ్ ఎత్తాడు. అది తల మీదికే. పడితే ఇది రాసేవాణ్ణి కాను. మధ్యలోకి ఒక ఇస్త్రీ చొక్కా వచ్చింది. రాడ్ సారు కుడి మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఒక్క చెవితోనే విన్నాను, అది చాలు. ఆయన రోడ్డు అవతల చాయ్ బండి దగ్గర నిలబడి నా మాటలు వింటున్నారని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆయన అరిచిన తిట్లు ఇక్కడ రాయలేను. విరిగిన చెయ్యి వేలాడుతుండగానే ఎడమ చేత్తో యాదగిరి మెడ పట్టి, కాలు అడ్డం పెట్టి, నేల మీద పడేశారు. ఆ వయసులో! ఛాతీ మీద మోకాలు ఆనించి నా వైపు కేక వేశారు. "దానియేలూ! జవాబు! జవాబు చెప్పురా!"

నా నోటి నిండా విరిగిన పళ్ళూ నెత్తురూ. అప్పుడు ఆయనే చెప్పారు, యాదగిరి మీద కూర్చునే.

"సేట్‌కు భయమున్నది. ఔ, ఉన్నది! భయానికి కిరాయి కావాల్నట. ఇస్తం! మరి వీని తమ్ముడు దవాఖానాల పడి ఉన్నడు, వానికి లేదా భయం? మిషన్ కింద రోజు చెయ్యి పెట్టేటోనికి లేదా? సేట్ మునిగితే సొమ్ము పోతది. వీడు మునిగితే చెయ్యి పోతది, తలకాయ పోతది. భయానికి కిరాయి ఇచ్చుడే న్యాయమైతే, ముందుగాల ఎవనికియ్యాల్నో లోపలున్నోడు చెప్పాలె! గిదీ వాడు చెప్పొచ్చిన జవాబు. గంతసేపు ఆగలేకపోయిండ్రారా మీరు?"

ఎవరో ఏడవడం మొదలుపెట్టారు. అంతలోనే పోలీసు వ్యాన్ వచ్చింది. లాఠీలు ఎవరి పక్షమూ అడగలేదు.

దవాఖానాలో సారు, నేను పక్కపక్క మంచాల మీద ఉన్నాం. అదే వార్డు చివర యాదగిరి తమ్ముడు. సారు కుడి చేతికి పిండికట్టు, నా తలకు గుడ్డ. ఆయన ఊరుకోరు కదా. "యాదగిరి నిన్నెందుకు కొట్టిండో చెప్పు" అన్నారు.

"నాకు చాతకాదు సార్. నేనే దెబ్బ తిన్నోణ్ణి."

"దెబ్బ తిన్నోడే చెప్పాలె. కొట్టినోనికి నోరుంటే రాడ్ ఎందుకు పడ్తడు?"

గోడ వైపు తిరిగి పడుకున్నాను. రోజూ అడిగేవారు. రోజూ గోడ వైపు తిరిగేవాణ్ణి. ఆ వారంలోనే యాదగిరి తమ్ముడు చనిపోయాడు. ఆ సాయంత్రం వార్డు అంతా వాళ్ళమ్మ ఏడుపుతో నిండిపోయింది. ఆ ఏడుపు ఒక్క చెవిలోనే వినపడుతుంటే నేను నెమ్మదిగా అన్నాను. "తమ్ముణ్ణి కొట్టినోని గొంతు యాదగిరి ఎన్నడు వినలే. కొట్టించినోని గొంతు గూడ వినలే. వాడు గేటెన్కనే ఉన్నడు. సేట్ మాట వానికి మొదటిసారి వినపడ్డది నా నోట్లకెళ్ళి. కొట్టడానికి అందినోణ్ణి నేనొక్కణ్ణే."

మంచం కాళ్ళ దగ్గర ఎవరో కదిలారు. తమ్ముడి గుడ్డలు తీసుకుపోవడానికి వచ్చిన యాదగిరి అక్కడ నిలబడి ఉన్నాడు. వాడికి మా కాయిదా, మా తొడలు చరచడం ఏం తెలుసు? "గదే అన్నా, గదే" అంటూ నేల మీద కూర్చుండిపోయాడు. సారు ఎడమ చేత్తో వాడి తల నిమిరారు, "గాడ్దికొడకా" అని తిట్టారు.

సమ్మె ముగిసింది. కిషన్ ఇంట్లో, వచ్చిన చుట్టాలందరి ముందు, మా పక్షాన్ని పూర్వపక్షంగా చెప్పబోతే వాళ్ళ నాన్న చెప్పు తీసుకుని కొట్టాడని తరవాత తెలిసింది. కూలి కొంత పెరిగింది. నన్నూ యాదగిరినీ పనిలోంచి తీసేశారు. ఎవరి సిద్ధాంతం గెలిచింది సార్ అంటే ఆయన నవ్వలేదు. "పుస్తకాలల్ల ఏది రాసున్నా, కూలి ఎంతనేది ఎవడు ఎవని గొంతు ఎంతసేపు పట్టి ఉంచుతడో దాన్ని బట్టే తేల్తది. గీ మాట పరీక్షల రాయకు, మార్కులియ్యరు" అన్నారు.

ఆయన మోచెయ్యి మళ్ళీ చాపుకు రాలేదు. బోర్డు మీద ఎడమ చేత్తో రాసేవారు, కోడి కెలికినట్టు ఉండేది. యాదగిరి రోజూ సాయంత్రం కాలేజీ మెట్ల మీద కూర్చుని, క్లాసు అయ్యాక ఆయన సంచి బస్‌స్టాపు దాకా మోసేవాడు. సారు దానికీ గొడవే. "కిరాయి తీస్కోరా. ఉత్తగ మోస్తే నీ చాకిరీల నాకు లాభం మిగుల్తది, మళ్ళ ఆ బడోళ్ళు నన్ను దొంగ అంటరు." కిరాయి కింద బలవంతాన చాయ్ తాగించేవారు.

తరవాత నేనూ యాదగిరీ కలిసి షెడ్డు పెట్టుకున్నాం. ఇద్దరు పనివాళ్ళున్నారు. నన్ను సేట్ అంటారు, వింటే ఒళ్ళు మండుతుంది. వచ్చిన దాంట్లో వాళ్ళకెంత, మాకెంత అని ప్రతి వారం మా ఇద్దరికీ పడదు. ఒకసారి సుత్తులు కూడా లేచాయి. అప్పుడప్పుడు సారు వచ్చి తీర్పు చెప్పకుండా, మట్టి పరిచి పోయేవారు.

చివరిసారి వచ్చినప్పుడు మెట్టు ఎక్కడానికే ఆయాసపడ్డారు. నా కుడి పక్కకు స్టూలు లాక్కుని కూర్చున్నారు. యాదగిరిని చాయ్‌కి పంపారు. వాడు సందు మలుపు తిరిగేదాకా ఆగి, అన్నారు.

"దానియేలూ, ఇయ్యాల నీ పూర్వపక్షం నేను చెప్త. తప్పుంటే చెప్పు." గొంతు సవరించుకున్నారు. "ఈ ముసలోడు ఏ పక్షం లేకుండ రోడ్డవతల చాయ్ తాగుకుంట నిలవడ్డడు. నన్ను డ్రమ్ము మీదికెక్కించిండు. తమ్ముని నెత్తురు ఆరని మనుషులకు తర్కం వినే ఓపిక ఉండదని ఈయనకు తెల్వదా? తెల్వకపోతే ఏం పంతులు? తెలిస్తే ఏం మనిషి? చెయ్యి ఇరగ్గొట్టుకుంటే నా చెవి తిరిగొస్తదా? ఈయన కాయిదా గొప్పది గావొచ్చు, దాని కూలి మాత్రం నేను కట్టిన. గిదే గదా?"

చేతిలోని వెల్డింగ్ రాడ్ పక్కన పెట్టాను. అన్నేళ్ళుగా గొంతులో ఉన్న ముల్లు. నేను ఒక్కసారి కూడా బయటికి చెప్పని మాట. నాకంటే బాగా చెప్పారు. కళ్ళు మండుతున్నాయి. తొడ చరిచాను, గట్టిగా, కోపంగా, నొప్పి పుట్టేలా.

"జవాబు చెప్పుండ్రి సార్" అన్నాను.

"హక్కొచ్చింది" అన్నారు. నా ఎడమ చెవి వైపు చూశారు. "వాడుకోను."

యాదగిరి చాయ్ తెచ్చాడు. ముగ్గురం తాగాం. ఆ తరవాత ఆయన షెడ్డుకు రాలేదు.

ఇప్పుడు సంతాప సభ సంగతి. కాలేజీ హాల్లో పటానికి దండ వేశారు. వచ్చినవాళ్ళంతా ఆయన శాంతమూర్తి అన్నారు. శాంతమూర్తట! ఆయన వినుంటే డస్టర్ విసిరేవారు. నా వంతు వచ్చింది. మాట్లాడటానికి లేచాక నాకు వేరే దారి లేదు. ఆయన శిష్యుణ్ణి. కాయిదా కాయిదాయే. ముందు పూర్వపక్షం.

"ఈయన నన్ను గుంపులోకి తోలి, తను రోడ్డు అవతల నిలబడ్డ మనిషి" అని మొదలుపెట్టాను. చివరిసారి ఆయన చెప్పిన మాటలన్నీ వరసగా చెప్పాను. ఒక్కటీ తగ్గించలేదు. హాల్లో గుసగుసలు లేచాయి. ముందు వరసలోని ఆయన బంధువు ముఖం కందిపోయింది. వెనక నుంచి కుర్చీలు జరిగాయి. "సచ్చిపోయినోని మీద గివేం మాటలు? దింపుండ్రి వాణ్ణి!" అన్నారెవరో. కొందరు లేచి బయటికి వెళ్ళిపోయారు. ఇద్దరు ముగ్గురు చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ వేదిక వైపు వచ్చారు. డ్రమ్ము మీద నిలబడ్డ ఆ రోజు నెత్తురు రుచి నోట్లోకి వచ్చింది.

అప్పుడు పక్క మెట్ల మీద నుంచి యాదగిరి వేదిక ఎక్కాడు. వాడు జీవితంలో వేదిక ఎక్కినవాడు కాదు. నా ఎడమ పక్కకు, నాకు ఏమీ వినపడని ఆ పక్కకు వచ్చి, నాకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి రెండు చేతులూ చాపాడు. వాడి గొంతు హాలంతా మోగింది, అందుకే నాకూ వినపడింది.

"ఒక్కడు గూడ మెట్టెక్కద్దు! గిది మొదటి ముక్క. ఇంక రెండో ముక్కున్నది. పూర్తిగ చెప్పనియ్యుండ్రి. నేను ఒకపారి ఆగలే."

హాలు ఆగింది. రెండో ముక్క కోసం నేను రాత్రంతా రాసుకుని తెచ్చుకున్న మాటలు ఉన్నాయి, కూలి మీదా లాభం మీదా, గురువు మీదా. వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు. సారు వాడుకోకుండా వదిలేసిన హక్కు నా ముందు ఉంది. నేను చెయ్యి ఎత్తి యాదగిరిని చూపించాను.

"సారు జవాబు గిదే. ఇగో, ఈడ నిలవడ్డది" అన్నాను. అంతకంటే ఏమీ చెప్పలేదు. పటానికి దండం పెట్టి, వాడి వెనక నుంచి పక్క మెట్లు దిగాను.

కింద కూర్చుని చూస్తే యాదగిరి ఇంకా వేదిక మీదే ఉన్నాడు. నేను దిగిపోయానని వాడికి తెలియదు. వెనక ఎవరూ లేకపోయినా, సారు పటానికి అడ్డంగా, రెండు చేతులూ చాపి అలాగే నిలబడి ఉన్నాడు.